తరవాణి కుండ పక్కన కూర్చుని ఎండోమెట్రియోసిస్ గురించి చెప్పడం ఎలా

ఎండోమెట్రియోసిస్ అంటే గర్భసంచి లోపలి పూతలాంటిది గర్భసంచి బయట అతుక్కుని, నెలసరిలో తీవ్రమైన నొప్పి పెట్టే వ్యాధి. అది మీకు ఉందని ఇంట్లో చెప్పాలనుకుంటే, నొప్పి ఉన్న రోజున చెప్పకండి. ఆ రోజు మీ ముఖం చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, లేదా విసుక్కుంటారు. ఏది జరిగినా మీ మాట చెవికెక్కదు. నెలసరి అయిపోయి వారం గడిచాక, ఇల్లు తీరుబడిగా ఉన్న పూట ఎంచుకోండి. మా ఇంట్లో అది మధ్యాహ్నం భోజనాలయ్యాక, అత్తయ్య వంటింటి గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుకునే వేళ. మొదట ఒక్కరికే చెప్పండి. నలుగురి మధ్య చెబితే ఒకరు నవ్వారంటే మిగతా ముగ్గురూ నవ్వుతారు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లను ఎంచుకుంటే మంచిది. ఆ మనిషి భర్తే కావాలని లేదు.

నేను పర్లాకిమిడిలో ఉన్నత పాఠశాల పిల్లలకు సైన్సు చెబుతాను. పుట్టిల్లు పాతపట్నం. మధ్యలో మహేంద్రతనయ పారుతుంది. ఏటికి అటు ఆంధ్ర, ఇటు ఒడిశా. నాకు 13వ ఏట నెలసరి మొదలైంది. మరుసటి ఏడాది నుంచే నెలకు రెండు మూడు రోజులు మోకాళ్లు గుండెలకు ఆనించి గచ్చు మీద పడి ఉండేదాన్ని. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఎవరితోనూ అనకు" అని అమ్మ నా నోరు నొక్కేది. పెళ్లయితే తగ్గుతుందని ఒక వైద్యుడు, బిడ్డ పుడితే తగ్గుతుందని ఇంకొకరు చెప్పారు. వ్యాధి పేరు తెలిసేసరికి నాకు 29 ఏళ్లు నిండాయి. విశాఖపట్నంలో కడుపుకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూసి, అతుక్కున్న ముక్కలను అందినంత వరకు తీశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన బిడ్డలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంది. ఇంతమందికి ఉన్న జబ్బు పేరు నా చెవిన పడటానికి పదిహేనేళ్లు పట్టింది.

ఆ తర్వాత నాకు ఒక సంగతి తెలిసింది. "నొప్పిగా ఉంది" అంటే ఇంట్లోవాళ్లు నమ్మడం లేదు, "లోపల ఫలానా పని జరుగుతోంది" అని చూపిస్తే నమ్ముతున్నారు. నొప్పిని ఎవరికీ చూపించలేం. జరిగే పనిని చూపించగలం. అందుకే నేను కణం లోపలి జీవక్రియ దాకా వెళ్లి చెప్పడం మొదలుపెట్టాను. మా అత్తయ్యకు, అమ్మకు, ఇద్దరు ఆడపడుచులకు, బడిలో పదో తరగతి పిల్లల తల్లులకు చెప్పాను. కొన్నిచోట్ల తప్పుగా చెప్పి చేతులు కాల్చుకున్నాను కూడా. ఆ తప్పులు మీరు చేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

కావలసినవి

ఒక పళ్లెం, గుప్పెడు బియ్యం, తరవాణి కుండ. తరవాణి అంటే గంజి, అన్నం వేసి పులియబెట్టిన నీళ్లు. తరవాణి పెట్టే అలవాటు లేని ఇంట్లో రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం చాలు. ఒడియా ఇళ్లలోనైతే పఖాళ, అంటే నీళ్లు పోసి పులియబెట్టిన అన్నం, ఎలాగూ ఉంటుంది. మార్చి 20న పఖాళ దినమని దానికి ఒక పండుగే చేస్తారు. చార్టులు, బొమ్మలు వద్దు. మొదటిసారి నేను బడి నుంచి గర్భాశయం చార్టు తెచ్చి గోడకు ఆనించాను. అత్తయ్య చూపు దించుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. బియ్యపు గింజను చూసి ఎవరూ సిగ్గుపడరు.

భాష కూడా ఇంటి భాషే కావాలి. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉండి, పిల్లలకు అర్థమయ్యే వాడుక భాషలో చదువు చెప్పాలని జీవితమంతా పోరాడారు. అదే ఊళ్లో సైన్సు చెబుతూ, సొంత అత్తగారికి అర్థం కాని మాటలు వాడితే నాకే తప్పుగా తోచింది.

ముందు చోటు చెప్పండి

నేను ఇలా మొదలుపెడతాను: "అత్తయ్యా, గర్భసంచి లోపలి గోడను ఒళ్లు ప్రతినెలా కొత్తగా అలుకుతుంది. చుట్టం, అంటే కడుపులో బిడ్డ, వస్తే ఆ పూత నిలుస్తుంది. రాకపోతే రాలి బయటికి పోతుంది. అదే నెలసరి." ఇంతవరకు ఎవరికైనా తేలిగ్గానే అర్థమవుతుంది.

తర్వాతి మాట కాస్త నెమ్మదిగా చెప్పాలి. రాలిన పూతలో కొంత కిందికి రాకుండా, అండవాహికల దారిన వెనక్కి మళ్లి కడుపులో పడుతుంది. అక్కడ అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద, కడుపు లోపలి పొర మీద అతుక్కుంటే దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. జాన్ శాంప్సన్ అనే అమెరికా వైద్యుడు 1927లో ఈ వివరణ ఇచ్చాడు. అన్ని సందర్భాలకూ ఇది ఒక్కటే సరిపోదు, అయినా మొదలుపెట్టడానికి ఇదే సులువు. ఇక్కడ వినేవాళ్ల నుంచి ఒక ప్రశ్న రావాలి. రాకపోతే మీరే వేయండి: ఇలా వెనక్కి పోవడం చాలామంది స్త్రీలలో జరుగుతుంది కదా, మరి వ్యాధి పదిమందిలో ఒకరికే ఎందుకు?

జవాబు మా పెరట్లో ఉంది. మునగ కొమ్మ విరిచి నేలలో పాతితే చిగురిస్తుంది. మామిడి కొమ్మ పాతితే ఎండిపోతుంది. వేరు లేని కొమ్మ బతకాలంటే దానికి లోపల వేరే శక్తి ఉండాలి. కడుపులో రాలిపడిన పూత కూడా వేరు తెగిన కొమ్మలాంటిదే. దానికి రక్తనాళం లేదు, ప్రాణవాయువు అందదు. పదిమందిలో తొమ్మిదిమంది ఒంట్లో అది ఎండిపోతుంది, లేదా రక్షణ కణాలు ఊడ్చేస్తాయి. ఆ ఒక్కరి ఒంట్లో బతికిపోతుంది. ఎలా బతుకుతుంది? తిండి తినే పద్ధతి మార్చుకుని బతుకుతుంది. కణం తిండి తినే పద్ధతినే జీవక్రియ అంటాం. రక్షణ కణాల తీరు, హార్మోన్లు, వారసత్వం ఇవన్నీ కూడా కారణాల్లో ఉన్నాయి. మొదటి రోజు వాటి జోలికి వెళ్లకండి.

గింజల లెక్క

ఇప్పుడు పళ్లెం ముందుకు లాగండి. ఒక పక్క 30 గింజలు, ఇంకో పక్క 2 గింజలు పెట్టండి. వినేవాళ్ల చేతనే లెక్కపెట్టించండి. వేలితో తాకి లెక్కపెట్టినది మనసులో ఉండిపోతుంది. నేను బడిలోనూ ఇదే చేస్తాను.

మనం తిన్న అన్నం చివరికి గ్లూకోజుగా మారి కణంలోకి వెళ్తుంది. కణంలో రెండు అంచెల పని ఉంటుంది. మొదటి అంచెలో గ్లూకోజు రెండు ముక్కలవుతుంది. ఆ ముక్క పేరు పైరువేట్. ఇక్కడ కణానికి దక్కేది 2 ఏటీపీలు. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే చిల్లర అనుకోండి. రెండో అంచెలో పైరువేట్ మైటోకాండ్రియా అనే లోపలి పొయ్యిలోకి వెళ్లి, ప్రాణవాయువుతో పూర్తిగా కాలుతుంది. అంతా కలిపితే సుమారు 30 ఏటీపీలు వస్తాయి. మామూలు కణం ఈ రెండో అంచె దాకా వెళ్తుంది. ఎండోమెట్రియోసిస్‌లో అతుక్కున్న కణాలు చాలావరకు మొదటి అంచెలోనే ఆగిపోయి, పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చి బయటికి తోసేస్తాయి.

"30 వచ్చేచోట 2 గింజలతో సరిపెట్టుకునేవాడు చిక్కిపోవాలి గానీ పెరుగుతాడా?" అని మా అత్తయ్య అడిగింది. ఇంత మంచి ప్రశ్న నన్ను బడిలో కూడా ఎవరూ అడగలేదు. రెండు జవాబులు చెప్పాను. మొదటిది వేగం. మొదటి అంచె చాలా త్వరగా జరుగుతుంది, ప్రాణవాయువు కోసం ఎదురుచూడక్కరలేదు. గ్లూకోజు దండిగా అందుతుంటే, ఎక్కువసార్లు చేసి లోటు పూడ్చుకోవచ్చు. రెండోది కట్టుబడి. ఇంట్లో ఉన్న కలపంతా పొయ్యిలో పెడితే వేడి వస్తుంది, ఆఖరికి బూడిదే మిగులుతుంది. సగం కలప పొయ్యిలో పెట్టకుండా ఆపుకుంటే దూలాలు, వాసాలు చేసుకుని ఇంకో గది వేయవచ్చు. సంఖ్య పెంచుకోవాలనుకునే కణానికి కొత్త పొరలు, కొత్త మాంసకృత్తులు, కొత్త జన్యుపదార్థం కావాలి. వాటికి ముడిసరుకు ఈ సగం కాలిన చక్కెర నుంచే వస్తుంది.

పులుపు

ఇప్పుడు తరవాణి కుండ మూత తీయండి. ఆ వాసన రానివ్వండి. గరిటెడు నీళ్లు చేతిలో పోసి రుచి చూడమనండి. ఆ పులుపు ఎక్కడిది? గంజిలో, అన్నంలో ఉన్న చక్కెరను సూక్ష్మజీవులు సగంలో ఆపి లాక్టిక్ ఆమ్లంగా మార్చాయి. ఇందాక చెప్పిన లాక్టేట్ దీని రూపమే. పాలు పెరుగు కావడమూ అంతే, దోసెల పిండి పొంగి పులవడంలోనూ చాలావరకు అదే. కుండకు మూతపెట్టి, గాలి సరిగా ఆడని చోట సూక్ష్మజీవి చేసే పనిని కడుపులో అతుక్కున్న కణం కూడా చేస్తోంది.

ఒక తేడా మాత్రం తప్పకుండా చెప్పాలి. రాలిపడిన కొత్తలో కణానికి ప్రాణవాయువు అందదు కాబట్టి పులియబెట్టుకోవడం సహజమే. ఊపిరాడని ఆ స్థితిలో కణంలో హెచ్‌ఐఎఫ్ అనే మాంసకృత్తు మేలుకుంటుంది. అది "గ్లూకోజు ఎక్కువ లాగు, రక్తనాళాలు పిలిపించు" అని ఆజ్ఞలు ఇస్తుంది. వీఈజీఎఫ్ అనే సంకేతంతో కొత్త నాళాలు మొలుస్తాయి. వింత ఏమిటంటే, నాళాలు వచ్చి ప్రాణవాయువు అందుతున్నా ఆ కణాలు పులియబెట్టే అలవాటు మానవు. కుండ మూత తీసి ఎండలో పెట్టినా పులుస్తూనే ఉన్నట్టు. ఒట్టో వార్‌బర్గ్ అనే జర్మనీ శాస్త్రవేత్త 1920ల్లో క్యాన్సర్ కణాల్లో ఈ తీరును గమనించాడు. కణాల శ్వాసక్రియ మీద చేసిన పరిశోధనకు ఆయనకు 1931లో నోబెల్ బహుమతి వచ్చింది.

మానకపోవడానికి ఒక గడియ కారణం. మైటోకాండ్రియా పొయ్యికి ఒక తలుపు ఉంది, పైరువేట్ డీహైడ్రోజినేస్ దాని పేరు. ఆ తలుపుకు పీడీకే అనే గడియ ఉంది. గడియ పడితే పైరువేట్ లోపలికి వెళ్లలేక లాక్టేట్ అవుతుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పారు. ఈ వ్యాధి ఉన్న స్త్రీలలో అతుక్కున్న ముక్కలే కాదు, వాటి కింద ఉన్న కడుపు లోపలి పొర కణాలు కూడా ఇదే బాట పడుతున్నాయి. టీజీఎఫ్-బీటా అనే సంకేతం వాటిని అటు నెడుతోంది. అంటే ఒక ఇంట్లో పొయ్యి మారితే పక్కింటి పొయ్యి కూడా మారుతోంది. నాకు ఇది చదివిన రోజు బాగా గుర్తు. నా కడుపులో తీసేసిన మచ్చలు మళ్లీ ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు ఒక దారి దొరికినట్టనిపించింది. చోటు కూడా అనువుగా మారి ఉంటే, కలుపు పీకినా మళ్లీ మొలుస్తుంది.

ఆ లాక్టేట్ అక్కడ ఏం చేస్తుంది? కొత్త రక్తనాళాలకు పిలుపు అవుతుంది. ఊడ్చేయాల్సిన రక్షణ కణాలను మరమ్మతు పనివాళ్లుగా మార్చేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. ఆమ్లం తగిలితే నరాల కొసలు చురుక్కుమంటాయని మనకు నిమ్మరసం, గాయం చెబుతూనే ఉన్నాయి. దీనికి తోడు, అక్కడ కూడా ప్రతినెలా కొంత రక్తం కారి, అందులోని ఇనుము పేరుకుని, తుప్పు పట్టినట్టు చుట్టుపక్కల కణజాలాన్ని దెబ్బతీస్తుంది. అండాశయంలో అలా పాత రక్తం నిండిన తిత్తినే వైద్యులు చాక్లెట్ సిస్ట్ అంటారు. ఈ ముక్కలు తమను పెంచే ఈస్ట్రోజెన్ హార్మోనును సొంతంగా తయారుచేసుకోగలవు, ఆ పెరుగుదలకు పగ్గం వేసే ప్రొజెస్టెరాన్ హార్మోను మాట సరిగా వినవు. ఇవి ఒక్కో వాక్యంలో చెప్పి వదిలేయండి. ఎక్కువ చెబితే పులుపు సంగతి మరిచిపోతారు.

నేను చేసిన తప్పు: పెరుగు

అత్తయ్యకు ఇదంతా చెప్పిన మర్నాడు నా కంచంలో పెరుగు లేదు. ఆ తర్వాత తరవాణి లేదు, చింతపండు పులుసు లేదు, నిమ్మకాయ పచ్చడి లేదు. మూడోరోజు ఎదురింటి మావుసీ బడిచూర (నలిపిన వడియాలు), పఖాళ పంపిస్తే గిన్నె అలాగే తిప్పి పంపించింది. "పులుపే కదా నీ జబ్బు, ఇక ఈ ఇంట్లో నీకు పులుపు పెట్టను" అంది. కోపంతో కాదు, ప్రేమతో. నా కోసం తను కూడా పెరుగు మానేసింది. అరవై ఏళ్లు దాటిన మనిషి ఎండాకాలంలో పెరుగన్నం లేకుండా చారన్నంతో లేచిపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. అందమైన పోలిక ఒకటి చెప్పి, దాని హద్దు చెప్పకుండా వదిలేశాను. తప్పు నాది.

కాబట్టి పోలిక చెప్పిన ఆ పూటే హద్దు కూడా చెప్పండి. కుండలో పులుపు వేరు, కణం తనంతట తాను చేసుకునే పులుపు వేరు. మన పొట్టలోని జఠరరసం పెరుగు కంటే ఎన్నో రెట్లు పులుపు. పెరుగు అందులో కలిసి జీర్ణమైపోతుంది. రక్తం తన ఆమ్ల క్షార గుణాన్ని పీహెచ్ కొలతలో 7.35, 7.45 మధ్య గట్టిగా పట్టి ఉంచుతుంది. మనం తిన్న చింతపండుకు అది కదలదు. అంతెందుకు, మెట్లు పరుగున ఎక్కితే మన తొడ కండరాలూ లాక్టేట్ చేస్తాయి. ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియాయే లేదు, వాటి బతుకంతా మొదటి అంచె మీదే. కాలేయం ఆ లాక్టేట్‌ను మళ్లీ గ్లూకోజుగా తిప్పేస్తుంది. ఈ చక్రాన్ని కనిపెట్టిన కోరీ దంపతులకు 1947లో నోబెల్ వచ్చింది, అందులో గెర్టీ కోరీ స్త్రీ. ఈ సంగతి ఆడపిల్లలకు తప్పక చెప్పండి. లాక్టేట్ అంటే విషం కాదు. చేరకూడని చోట, ఆగకుండా చేరడమే చిక్కు.

చక్కెర, క్యాన్సర్, గర్భసంచి

రెండో పొరపాటు చక్కెరది. "గ్లూకోజు మింగి బతుకుతున్నాయంటున్నావు, అయితే అన్నం, బెల్లం మానేస్తే అవే చస్తాయి" అని మా పెద్ద ఆడపడుచు అంది. ఫోనులో వచ్చే వీడియోలూ ఇదే చెబుతాయి. ఇది నమ్మి నెలల తరబడి అన్నం మానేసి, రక్తం తగ్గి, తల తిరిగి పడిపోయిన ఒక అమ్మాయిని నేను చూశాను. పరగడుపున కూడా మన రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 70 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మనం తినకపోతే కాలేయం తయారుచేసి పోస్తుంది. మెదడును, రక్తకణాలను బతికించడానికి ఆ ఏర్పాటు. కడుపులోని ముక్కలను మాత్రమే పస్తుపెట్టే పత్యం ఏదీ లేదు. కూరలు, పప్పులు, చేపలు, మితమైన తీపి ఎవరికైనా మంచిదే. అది ఆరోగ్యం కోసం తినండి, మందుకు బదులుగా కాదు. నెలసరిలో రక్తం ఎక్కువ పోయేవాళ్లకు ఇనుము తగ్గుతుంది, వాళ్లు కడుపు మాడ్చుకోవడం మరీ ప్రమాదం.

మూడోది భయం. వార్‌బర్గ్ మాట, క్యాన్సర్ మాట ఒకే వాక్యంలో వచ్చేసరికి అమ్మ ముఖం పాలిపోయింది. అందుకని క్యాన్సర్ పేరు ఎత్తే ముందే "ఇది క్యాన్సర్ కాదు" అని చెప్పేయండి. తిండి తినే తీరులో పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

నాలుగోది మా ప్రాంతంలో తరచు వినే మాట: "గర్భసంచి తీయించేస్తే పీడ పోతుంది." ముప్పై ఏళ్లకే తీయించుకున్నవాళ్లు నాకు తెలుసు. ముక్కలు ఉన్నది గర్భసంచి బయట. పేగు మీద అతుక్కున్నది గర్భసంచి తీసినంత మాత్రాన పోదు. కొందరికి ఆ ఆపరేషన్ అవసరం కావచ్చు. అది వ్యాధి ఎక్కడుందో చూసి, బిడ్డలు కావాలో వద్దో అడిగి, అండాశయాల సంగతి మాట్లాడి తీసుకోవలసిన నిర్ణయం. పక్కింటావిడ మాట మీద తీసుకునేది కాదు. పెళ్లి, కాన్పు మందులు కావని కూడా ఇక్కడే చెప్పేయండి. పెళ్లి గురించి ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా నాకు చాలదు.

మందు వచ్చిందా?

వినేవాళ్లు చురుకైనవాళ్లయితే అడుగుతారు: గడియ తీసేస్తే సరిపోదా? అదే ఆశతో పరిశోధకులు డైక్లోరోఅసిటేట్ అనే పదార్థాన్ని ప్రయత్నించారు. అది పీడీకే గడియను తీస్తుంది. 2019లో ఎడిన్‌బరో బృందం ప్రచురించిన ఫలితాల్లో ప్రయోగశాల కణాల్లో లాక్టేట్ తగ్గింది, ఎలుకల్లో ముక్కల పరిమాణం తగ్గింది. స్త్రీలలో చిన్న స్థాయి పరీక్షలు ఆ తర్వాత మొదలయ్యాయి. ఎండోమెట్రియోసిస్‌కు అది ఇంకా ఆమోదం పొందిన మందు కాదు. నరాలను దెబ్బతీసి చేతులు కాళ్లు తిమ్మిరెక్కించే గుణం దానికి ఉంది. ఎవరైనా ఆ పేరుతో పొడి అమ్మజూపితే కొనకండి.

ఇప్పుడు చేతిలో ఉన్నవి వేరు. నొప్పి, వాపు తగ్గించే మాత్రలు. గర్భనిరోధక మాత్రలు, డైనోజెస్ట్ వంటి ప్రొజెస్టెరాన్ తరహా మందులు. వాటితో లొంగకపోతే అండాశయాలకు విశ్రాంతినిచ్చే ఇంజక్షన్లు, శస్త్రచికిత్స. హార్మోను మందు ఎందుకు రోజూ, నెలసరి లేని రోజుల్లో కూడా వేసుకోవాలో ఇంట్లోవాళ్లకు అర్థం కాదు. అలికే పని, రాలే పని రెండూ ఆపడానికని చెప్పండి. మా అత్తయ్య ఇప్పుడు నా మాత్ర వేళకు తనే నీళ్లు తెచ్చి పెడుతుంది.

నోటుబుక్కు, ఆసుపత్రి

ఇంట్లో నమ్మకం కుదిరాక చేయవలసిన పని ఇదే. వంద పేజీల నోటుబుక్కు కొనండి. తేదీ, నెలసరి ఎన్నో రోజు, నొప్పి ఎక్కడ, 0 నుంచి 10 వరకు ఎంత, ఏ మాత్ర వేశారు, ఎన్ని గంటలకు తగ్గింది. మలవిసర్జనకు, మూత్రానికి వెళ్లినప్పుడు నొప్పి ఉందా, భార్యాభర్తల కలయికలో నొప్పి ఉందా అన్నవి కూడా రాయండి. నోటితో చెప్పలేనిది కాగితం చెబుతుంది. నా నోటుబుక్కులో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినది ఆఖరి గడి: ఆ రోజు ఏ పని ఆగింది. "రెండో పీరియడు చెప్పలేకపోయాను", "నీళ్ల బిందె ఎత్తలేదు", "బస్సులో నిలబడలేక పాతపట్నంలోనే దిగిపోయాను." మూడు నెలలు ఇలా రాశాక ఆ పేజీలు తిప్పిన వైద్యురాలు నన్ను మధ్యలో ఆపకుండా విన్నది.

నొప్పికి ఒక్క మాట వాడకండి. మన భాషలో ఎన్ని ఉన్నాయో చూడండి: సలుపు, పోటు, మెలిపెట్టడం, గుచ్చడం, లాగడం, మంట, బరువు. నాకు మొదటి రోజు మెలిపెట్టేది, రెండో రోజు నడుము నుంచి తొడలోకి లాగేది, మలవిసర్జనకు కూర్చుంటే కత్తితో గుచ్చినట్టు ఉండేది. ఈ మూడూ వేరువేరు చోట్లకు సూచనలు. మా జిల్లా ఆసుపత్రుల్లో వైద్యులు, నర్సులు చాలావరకు ఒడియా మాట్లాడతారు. "పేట బింధుచి" అంటే కడుపునొప్పి అని అర్థమవుతుంది, అక్కడితో ఆగిపోతుంది. ఒడియా బాగా వచ్చిన మనిషిని వెంట తీసుకువెళ్లి, నోటుబుక్కులోని మాటలు ఒక్కొక్కటే చెప్పించండి. ఆ మనిషి ఆడమనిషి అయితే మేలు.

సాధారణ స్కానింగులో ఏమీ లేదని వస్తే వ్యాధి లేదని అర్థం కాదు. పలుచని మచ్చలు స్కానింగుకు దొరకవు. చాక్లెట్ సిస్టులు, లోతుగా దిగినవి అనుభవం ఉన్నవాళ్లు చూస్తే దొరుకుతాయి. కొన్నిసార్లు ఎంఆర్‌ఐ అడుగుతారు. ఇదివరకు కడుపు లోపల కెమెరాతో చూస్తే తప్ప ఖాయం చేసేవాళ్లు కాదు. 2022 నాటి యూరప్ మార్గదర్శకాల ప్రకారం లక్షణాలు, స్కానింగు చూసి మందు మొదలుపెట్టవచ్చు. ఇంకోటి, మచ్చలెన్ని ఉన్నాయన్నదానికీ నొప్పి ఎంతన్నదానికీ పొంతన ఉండదు. కొంచెమే ఉన్నా నొప్పి భరించలేనంత ఉండవచ్చు. "కొంచెమే ఉందన్నారు కదా" అని ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

మా వైపు వాళ్లు పెద్ద వైద్యానికి బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాలకో, విశాఖపట్నానికో వెళ్తారు. ఏ దారిన వెళ్లినా పాత కాగితాలన్నీ తేదీల వరసన పెట్టుకోండి, స్కానింగు ఫిల్ములు కూడా. నెలసరి రోజుల్లో ప్రయాణం పెట్టుకోకండి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, జ్వరం, స్పృహ తప్పడం, నెల తప్పి ఉండగా నొప్పి వస్తే మాత్రం నోటుబుక్కు కోసం ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లిపోండి.

వైద్యుల దగ్గర అడగవలసిన ప్రశ్నలు ముందే రాసుకోండి, అక్కడికెళ్లాక మరిచిపోతాం. నా నొప్పికి ఎండోమెట్రియోసిస్ కారణం కావచ్చా? కాదనుకుంటే ఏ కారణంతో కాదంటున్నారు? నాకు బిడ్డలు కావాలి, లేదా వద్దు, దాన్నిబట్టి మందు మారుతుందా? ఈ మందుతో రక్తస్రావం, ఎముకలు, మనసు ఎలా ఉంటాయి? ఆపరేషన్ అంటే ఏది తీస్తారు, ఏది ఉంచుతారు? ఆఖరున ఇది అడగండి: ఎన్ని నెలల్లో తగ్గకపోతే నేను మళ్లీ రావాలి? చెప్పిన నెలను వాళ్ల ఎదుటే నోటుబుక్కులో రాసుకుని, ఆ పేజీ మూల మడవండి.